నెల తప్పాక మాట చెల్లేది ఎవరిది?

అమెరికాలో అబార్షన్ మీద రెండు శిబిరాలున్నాయని అందరికీ తెలుసు. కడుపులో బిడ్డ ప్రాణమే ముఖ్యమనేవాళ్లు ఒకవైపు, తల్లి ఇష్టమే ముఖ్యమనేవాళ్లు ఇంకోవైపు. 1973లో అక్కడి సుప్రీంకోర్టు రో వర్సెస్ వేడ్ తీర్పుతో తల్లి ఇష్టం అనేవాళ్లు గెలిచారు. 2022 జూన్ 24న దాన్ని కొట్టేసిన డాబ్స్ తీర్పుతో బిడ్డ ప్రాణం అనేవాళ్లు గెలిచారు. అక్కడ ఓట్లు దీని మీద పడతాయి, జడ్జీల నియామకాలు దీని చుట్టూ తిరుగుతాయి. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో కొడుకూ కోడలూ ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్ కుటుంబాలకు ఆ గొడవ మరీ దూరపుదేం కాదు. టెక్సాస్‌లో తల్లి ప్రాణం మీదికొస్తే తప్ప అబార్షన్ చేయరు. కోడలికి ఐదో నెల స్కానింగ్‌లో ఏదైనా తేడా వస్తే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవాల్సిన పరిస్థితి.

ఇక్కడ అలాంటి శిబిరాలు కనబడవు. దేవరకొండలో గానీ గద్వాలలో గానీ అబార్షన్ ఉండాలనో ఉండొద్దనో ఎవరూ జెండా పట్టుకుని రోడ్డెక్కరు. 1971లో కొన్ని షరతులతో అబార్షన్‌ను ఒప్పుకునే ఎంటీపీ చట్టం వచ్చినా, 2021లో దాన్ని సవరించినా అది ఎన్నికల మాట కాలేదు. ఇది చూసి, ఈ విషయంలో మనవాళ్లందరిదీ ఒకే మాట అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. దక్షిణ తెలంగాణలో దాదాపు ప్రతి వర్గానికీ జరిగి తీరాలనిపించే అబార్షన్ ఒకటుంటుంది, జరగనే కూడదనిపించే అబార్షన్ ఇంకొకటుంటుంది. అబార్షన్ పాపమా కాదా అన్న తగువు ఇక్కడ పెద్దగా లేదు. ఎవరు చెబితే జరగాలి, ఎవరు వద్దంటే ఆగాలి అన్న దగ్గరే అసలు పోటీ. ఆ పోటీలో ఉన్నవాళ్ల జాబితా పెద్దదే: అత్తమామలు, కులపెద్దలు, ప్రభుత్వం, డాక్టరు, మెడికల్ షాపు, పోలీసు, కోర్టు.

ఇంటి నుంచే మొదలుపెట్టొచ్చు. పెళ్లయిన ఏడాదికే నెల తప్పిన కోడలు, చదువు పూర్తయ్యేదాకా పిల్లలు వద్దనుకుంటే ఆ మాట బయటికి అనడమే కష్టం. తొలిచూలు తీయించుకుంటే మళ్లీ కడుపు పండదన్న నమ్మకం ఇప్పటికీ గట్టిగానే ఉంది. చదువుకున్న అమ్మలు కూడా కూతుళ్లకు అదే చెప్తారు. అదే కోడలికి ఇద్దరు పిల్లలు పుట్టాక మూడోసారి నెల తప్పితే, ఇన్నాళ్లూ వద్దన్న పెద్దలే దగ్గరుండి దవాఖానకు తీసుకుపోతారు. కడుపు తీయించి, అదే రోజు పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా చేయించుకుని రావడం ఈ జిల్లాల్లో ఎంత మామూలు సంగతి అంటే, దాన్ని అబార్షన్ అని ఎవరూ లెక్కపెట్టరు. ఆపరేషన్‌కు పోయొచ్చింది అంటారు, అంతే. మొదటిసారి ఆమె వద్దంది, ఇల్లు కావాలంది. మూడోసారి ఇల్లు వద్దంది. మూడోసారి ఆమెను అడిగారా అన్నది ఎవరికీ గుర్తుండదు.

ఇంటి గడప దాటితే కులం. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యకు చెకప్ చేయించి ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ణి ఆమె కళ్లెదుటే నరికి చంపారు. సుపారీ ఇచ్చి చంపించింది ఆమె తండ్రేనని పోలీసులు తేల్చారు. కడుపు తీయించుకోమని తండ్రి అంతకుముందే తన మీద ఒత్తిడి తెచ్చాడని ఆమె తర్వాత మీడియాకు చెప్పింది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, మిగిలిన ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ కేసును పరువు హత్యగానే అందరం గుర్తుపెట్టుకున్నాం. హత్యకు ముందు జరిగింది అబార్షన్ గురించిన గొడవ అన్న సంగతి మాత్రం వెనక్కి పోయింది. కులం కలిసిన పెళ్లిలో కోడలి కడుపు వంశాంకురం. కులం కలవని పెళ్లిలో అది తుడిచేయాల్సిన రుజువు. పుట్టబోయే బిడ్డకు హక్కులున్నాయా అన్న ప్రశ్న అలాంటి ఇంట్లో ఏ దశలోనూ రాదు.

దీనికి తిరగేసిన కథలు కూడా పోలీస్ స్టేషన్లకు వస్తూనే ఉంటాయి. పెళ్లి చేసుకుంటానని నమ్మించి, కడుపు వస్తే మాత్రలు మింగించి, ఆ తర్వాత కులం అడ్డం వచ్చిందని తప్పుకునే కేసులు. స్త్రీ ఒప్పుకోకుండా గర్భం తీయించడం పాత ఐపీసీ 313 సెక్షన్ కింద పెద్ద నేరం. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో అది 89వ సెక్షన్ అయింది. యావజ్జీవం దాకా శిక్ష ఉంది. కానీ స్టేషన్‌కు పోయేలోపే పెద్దమనుషుల పంచాయితీలో ఇంత సొమ్మని తేల్చేస్తే, కేసే ఉండదు. ఆ పంచాయితీలో కూర్చునేవాళ్లలో అబార్షన్ తప్పని వాదించేవాళ్లూ ఉండరు, ఆ పిల్ల ఏమనుకుందని అడిగేవాళ్లూ ఉండరు.

ఆడపిల్ల సంగతికి వస్తే చీలిక ఇంకా లోతుగా ఉంది. 1999 నుంచి 2001 మధ్య దేవరకొండ, చందంపేట తండాల్లో పుట్టిన లంబాడీ ఆడశిశువులను దళారులు కొని దత్తత సంస్థలకు చేర్చిన ఉదంతాలు దేశమంతా వార్తలయ్యాయి. మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల. పేదరికం ఒక కారణం. కట్నం ఆచారం తండాల్లోకి పాకడం అంతకన్నా పెద్ద కారణం. ఆ రోజుల్లో గొడవంతా పుట్టిన బిడ్డ చుట్టూ నడిచింది. తర్వాత స్కానింగ్ మిషన్లు చిన్న పట్టణాల దాకా వచ్చాయి. తెలంగాణ జిల్లాల్లో ఆరేళ్ల లోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 957 మంది ఆడపిల్లలుంటే, 2011 జనాభా లెక్కలకు ఆ సంఖ్య 932కు పడిపోయింది. పదేళ్లలో ఇంత తేడా ఊరికే రాదు. పుట్టాక వదిలించుకునే చోట, పుట్టకముందే చూసి తేల్చుకునే వీలు వచ్చింది.

ప్రభుత్వం దీనికి రెండు దారుల్లో జవాబిచ్చింది. ఒకటి డబ్బు. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో సర్కారు దవాఖానలో కాన్పు అయితే మగపిల్లాడికి 12 వేలు, ఆడపిల్లకు 13 వేలు ఇచ్చారు. వెయ్యి రూపాయలు ఎక్కువిస్తే ఆడపిల్ల మీద ప్రేమ పుడుతుందనుకున్నవాళ్లు ఈ జిల్లాల్లో కట్నాల రేట్లు విని ఉండరు. రెండోది చట్టం. 1994లో చేసి 2003లో గట్టిగా సవరించిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం, గర్భిణికి చేసే ప్రతి స్కానింగ్‌కూ ఫారం ఎఫ్ అనే వివరాల పత్రం నింపాలి. కడుపులో ఉన్నది ఎవరో మాటతోగానీ సైగతోగానీ చెబితే మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. అధికారులు ఉత్తుత్తి పేషెంట్‌ను పంపి పట్టుకునే డెకాయ్ ఆపరేషన్లు కూడా చేస్తారు.

ఈ చట్టం కావాల్సిందే. కానీ దీని నీడ ఇంకో చట్టం మీద పడింది. స్కానింగ్‌లో ఆడో మగో కాస్త నమ్మకంగా తెలిసేది మూడు నెలలు దాటాకే. అందుకే ఆ తర్వాత చేసే ఏ అబార్షన్‌నైనా తనిఖీకి వచ్చేవాళ్లు అనుమానంగా చూస్తారు. డాక్టర్లకు ఈ టెన్షన్ ఎందుకొచ్చిందిరా బాబూ అనిపించి, మూడు నెలలు దాటితే మేం చేయం, పట్నం పోండి అనేస్తారు. భర్త చనిపోయిన స్త్రీ, అత్యాచారానికి గురైన బాలిక, కడుపులో బిడ్డకు పుర్రె సరిగ్గా ఏర్పడలేదని ఐదో నెలలో తెలిసిన తల్లి, వీళ్లంతా ఆడపిల్లను వదిలించుకోవాలనుకున్నవాళ్లతో ఒకే వరుసలో నిలబడాల్సి వస్తుంది. దవాఖాన గోడ మీద భ్రూణహత్య మహాపాపం అన్న బోర్డు ఉంటుంది. ఫలానా పరిస్థితుల్లో అబార్షన్ చట్టబద్ధం అన్న బోర్డు అదే సైజులో ఎక్కడో తప్ప కనబడదు. కడుపు తీయించుకోవడమే నేరమని చాలామంది అనుకోవడంలో ఆశ్చర్యమేముంది?

మహిళా సంఘాలకు ఇక్కడే ఇబ్బంది. నల్లగొండ కమ్యూనిస్టుల జిల్లా, ఐద్వా లాంటి సంఘాలకు ఊళ్లలో పట్టున్న చోటు. లింగ నిర్ధారణకు వ్యతిరేకంగా సభల్లో గట్టిగా మాట్లాడినంత తేలిగ్గా, అబార్షన్ స్త్రీ ఇష్టమని అదే సభలో మాట్లాడటం కుదరదు. ఆడపిల్లని తెలిసి తీయించుకున్నది కూడా ఆమె ఇష్టమేనా అని ఎవరైనా అడిగితే జవాబు తేలిక కాదు. మూడో ఆడపిల్లను కంటే ఇంట్లో బతకనివ్వరని భయపడి చేసుకున్నదాన్ని ఇష్టం అనగలమా? అలాగని ఆమెకు నిర్ణయించుకునే తెలివే లేదనగలమా? దేశవ్యాప్తంగా స్త్రీవాదులు 1980ల నుంచి ఈ రెండు ప్రశ్నల మధ్యే నలుగుతున్నారు. ఎడమవైపు రాజకీయాలకు ఈ విషయంలో పాత బాకీ కూడా ఒకటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో అడవుల్లో తిరిగిన మహిళలు తర్వాత చెప్పుకున్న జ్ఞాపకాల్లో, దళం భద్రత కోసం కన్నబిడ్డను ఎవరికో ఇచ్చేసి రావాల్సి వచ్చిందన్న మాట ఉంది. అప్పుడు కూడా నిర్ణయం ఆమె ఒక్కదానిది కాదు.

అసలు చట్టమే ఈ నిర్ణయాన్ని ఎక్కడ పెట్టిందో చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. 1964లో కేంద్రం వేసిన శాంతిలాల్ షా కమిటీ 1966 చివర్లో నివేదిక ఇచ్చింది. దొంగచాటు అబార్షన్లతో తల్లులు చచ్చిపోతున్నారన్నది దాని ఆవేదన. జనాభా తగ్గించడానికి దీన్ని వాడుకోవాలని ఆ కమిటీ అనలేదు. కానీ కాలం అలాంటిది. 1967 నుంచి 1970 దాకా ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ మంత్రిగా ఉన్న శ్రీపతి చంద్రశేఖర్ రాజమండ్రిలో పుట్టిన తెలుగాయన, స్వయానా జనాభా శాస్త్రవేత్త, జనాభా తగ్గాలని గట్టిగా నమ్మిన మనిషి. ఆయన హయాంలోనే బిల్లు పార్లమెంటుకు వచ్చింది. 1971లో చట్టమై 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంత తేలిగ్గా చట్టం రావడానికి స్త్రీల పోరాటం కన్నా జనాభా భయమే ఎక్కువ పనిచేసిందన్నది కాదనలేని సంగతి. అందుకేనేమో అందులో హక్కు అన్న మాట లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో గర్భస్రావం చేయించడం నేరం. ఇప్పటి న్యాయ సంహితలో 88వ సెక్షన్ కింద ఇంకా నేరమే, తనకు తాను గర్భస్రావం చేసుకున్న స్త్రీ కూడా దాని కిందికే వస్తుంది. ఎంటీపీ చట్టం చేసిందల్లా డాక్టరుకు ఒక మినహాయింపు ఇవ్వడం: ఫలానా కారణాలున్నాయని సదుద్దేశంతో నమ్మి చేస్తే శిక్ష లేదని.

2021 సవరణతో గడువు పెరిగింది. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య అయితే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ అత్యాచార బాధితులు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వికలాంగులు లాంటి కొందరికే. 24 దాటితే బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. అన్నిచోట్లా మాట డాక్టర్లదే. మేజరైన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు, భర్త ఒప్పుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు. అయినా దవాఖాన కౌంటర్ దగ్గర వినబడే మొదటి మాట, మీవాళ్లెవరు వచ్చారమ్మా అనే. రేపు భర్త వచ్చి గొడవపెడితే ఎవరు పడాలి అన్నది డాక్టరు భయం. పాలమూరు లాంటి చోట ఈ సంతకం ఎంత పెద్ద అడ్డంకో చెప్పక్కర్లేదు. భర్త ముంబైలోనో పుణెలోనో సైట్ మీద ఉంటాడు, పండక్కి వచ్చిపోతాడు. ఆయన సంతకం కోసం ఆగితే నెలలు గడుస్తాయి. ఆయన లేనప్పుడు కడుపెలా వచ్చిందన్న ప్రశ్న ఊళ్లో పుట్టే చోటైతే, ఆమె కౌంటర్ దాకా రానే రాదు.

రానివాళ్లు పోయేది మెడికల్ షాపుకు. ఒక మిఫెప్రిస్టోన్ మాత్ర, నాలుగు మిసోప్రొస్టాల్ మాత్రలు కలిపి ఒకే స్ట్రిప్‌లో వచ్చే కిట్‌ను డాక్టరు చీటీ మీదే అమ్మాలి. తొమ్మిది వారాల దాకానే వాడాలి. చీటీ లేకుండా అడిగితే అటూ ఇటూ చూసి, బిల్లు లేకుండా, కాగితంలో చుట్టి ఇస్తారు. ఎమ్మార్పీ ఎంతున్నా అక్కడ చెప్పిందే రేటు. ఇది ఇప్పుడు, ఈ నాలుగు రెండ్రోజులకు, అంతే చెప్పేది. నెల తప్పి ఎన్నాళ్లయిందని అడిగేవాళ్లూ అరుదే. మాత్రలు సరిగ్గా, వేళకు వేసుకుంటే ఎక్కువమందికి ఇబ్బంది లేకుండానే అయిపోతుంది, ఆ మాటా చెప్పుకోవాలి. కష్టం వచ్చేది గర్భం గర్భసంచిలో కాకుండా నాళంలో ఉన్నప్పుడు, నెలలు దాటినప్పుడు, ముందే రక్తం తక్కువున్నప్పుడు. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. రక్తస్రావం ఆగకపోతే ఆర్ఎంపీ దగ్గరికి, అక్కడ ఆగకపోతే ఏరియా ఆసుపత్రికి. అక్కడ మళ్లీ, ఏం మింగావు, ఎవరిచ్చారు, ఎందుకు మింగావు.

2015లో దేశంలో కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయని, అందులో 73 శాతం దవాఖాన గడప తొక్కకుండా మాత్రలతోనే జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఈ వర్గాలన్నీ ఎవరి మాట నెగ్గాలని పోటీపడుతుంటే, ఎక్కువమంది స్త్రీలు ఎవరితోనూ వాదించకుండా పక్కదారిలో పని కానిచ్చుకుంటున్నారు. మెడికల్ షాపతనికి చట్టం ఏ అధికారమూ ఇవ్వలేదు. కానీ సంతకం అడగడు, నీతులు చెప్పడు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఆడపిల్లల రక్షణ పేరుతో ఈ కిట్ల మీద దాడులు చేసినప్పుడు షాపులవాళ్లు వాటిని తెప్పించడమే మానేస్తారు. తొమ్మిది వారాల లోపు ఆడో మగో ఏ స్కానింగ్‌లోనూ కనబడదు కాబట్టి ఆ మాత్రలకూ లింగ నిర్ధారణకూ సంబంధమే లేదన్నది ఎవరికీ పట్టదు.

ఇంకా చిక్కైన ముడి పద్దెనిమిది నిండని తల్లులది. తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది లోపే పెళ్లయిందని 2019–21 సర్వే లెక్క. పిల్లల మీద లైంగిక నేరాలను ఆపడానికి తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం మైనర్ గర్భం అంటేనే నేరం జరిగినట్టు, తెలిసిన డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. 2017లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత భర్త అయినా సరే మినహాయింపు లేదు. పదిహేడేళ్ల భార్యను దవాఖానకు తీసుకొస్తే భర్త జైలుకు పోతాడు, పెళ్లి చేసిన తల్లిదండ్రుల మీదా కేసు పడుతుంది. బాల్యవివాహాలు ఆపాలనేవాళ్ల కోణం నుంచి ఇది న్యాయమే. కానీ నారాయణపేట, నాగర్‌కర్నూల్ వైపు ఒక ఆశా వర్కర్‌కు ఎదురయ్యేది వేరే లెక్క: ఆ పిల్ల రిజిస్ట్రేషన్ కాకుండా దాక్కుంటుంది, ఐరన్ మాత్రలూ అందవు, అబార్షన్ కావాల్సొస్తే ఆర్ఎంపీయే గతి. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు దీనికి కొంత దారి చూపింది. ఇద్దరి ఇష్టంతో వచ్చిన గర్భమైతే, బాలిక, ఆమె గార్డియన్ కోరినప్పుడు, పోలీసులకిచ్చే రిపోర్టులో డాక్టరు ఆమె పేరు, వివరాలు రాయక్కర్లేదని చెప్పింది. ఆ మాట ఢిల్లీ నుంచి మండల కేంద్రంలోని పీహెచ్‌సీ దాకా వచ్చిందా అంటే అనుమానమే.

అదే తీర్పు పెళ్లికాని స్త్రీలకు కూడా 24 వారాల దాకా అవకాశం ఉండాలంది. ఇది నగరాల్లో కలిసి బతికే జంటల కోసం వచ్చిన మార్పని చాలామంది అనుకున్నారు. మక్తల్, ఊట్కూరు వైపు దాన్ని ఇంకోలా చదువుకోవాలి. దేవుడి పేరున వదిలేసిన జోగినికి చట్టం లెక్కలో భర్త ఉండడు. 1988లో జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కానీ గర్భనిరోధకం విఫలమైందన్న కారణం 2021 దాకా పెళ్లయిన స్త్రీకి మాత్రమే వర్తించింది. యాభై ఏళ్లపాటు ఆ వాక్యంలో జోగినికి చోటే లేదు. ఆమె కడుపు ఏ పెద్దమనిషిదో ఊరందరికీ తెలిసినా, దవాఖాన రిజిస్టర్‌లో భర్త పేరు గడి ఖాళీ. 2021లో పెళ్లయిన స్త్రీ లేదా ఆమె భర్త అన్న పదాలను స్త్రీ లేదా ఆమె భాగస్వామి అని మార్చారు.

వికలాంగుల హక్కులు అడిగేవాళ్ల అభ్యంతరం వీటన్నిటికన్నా తక్కువ వినబడుతుంది, కానీ నల్లగొండలో దానికి బరువెక్కువ. బిడ్డకు లోపం ఉంటే గడువు లేకుండా తీసేయొచ్చంటే, మాలాంటివాళ్లు పుట్టకపోతేనే మంచిదని చట్టం చెబుతున్నట్టే కదా అన్నది వాళ్ల ప్రశ్న. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ఊళ్లలో కాళ్లు వంకరపోయి, నడుం వంగిపోయినవాళ్లెవరూ కడుపులో ఉండగా స్కానింగ్‌లో తేలినవాళ్లు కాదు. పుట్టాక బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తాగి అలా అయినవాళ్లు. దశాబ్దాలపాటు మంచినీళ్లు ఇవ్వలేని ప్రభుత్వం, లోపమున్న బిడ్డను పెంచడం తల్లికి భారమని మాత్రం ఒప్పుకుంది. అలాగని ఆ తల్లిని కని తీరమనడమూ అన్యాయమే. పింఛను, మనిషి సాయం, బడి ఏదీ సరిగ్గా దొరకని చోట ఆ బిడ్డను జీవితాంతం మోసేది ఆమె ఒక్కతే.

మతాల సంగతి ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1976 నుంచి నల్లగొండ కేంద్రంగా కాథలిక్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఉంది, కాథలిక్ సంఘం అబార్షన్‌ను ఏ దశలోనూ ఒప్పుకోదు. ముస్లిం ధర్మశాస్త్రంలో 120 రోజులకు బిడ్డకు ఆత్మ వస్తుందన్న లెక్క ఉంది, తగిన కారణముంటే ఆ లోపు ఒప్పుకునే పండితులున్నారు. హిందూ ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను మహాపాతకాల్లో కలిపాయి. ఆచరణలో మూడు మతాల ఆడవాళ్లూ ఒకే మెడికల్ షాపుకు పోతారు.

కోర్టులు కూడా ఒకే గొంతుతో మాట్లాడటం లేదు. 2021 అక్టోబర్‌లో తెలంగాణ హైకోర్టు అత్యాచారానికి గురైన 16 ఏళ్ల బాలికకు 26 వారాల గర్భాన్ని తొలగించడానికి అనుమతిచ్చింది. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఇద్దరు పిల్లలున్న ఒక వివాహిత 26 వారాల గర్భంతో వచ్చింది. మొదట ఇద్దరు మహిళా జడ్జీల బెంచి ఒప్పుకుంది, తర్వాత ఆ ఇద్దరే చెరోవైపు చీలారు. అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లి బిడ్డ బతికే అవకాశం చూసి వెనక్కి తగ్గారు, జస్టిస్ నాగరత్న ఆ స్త్రీ మాటే వినాలన్నారు. చివరికి ముగ్గురు జడ్జీల బెంచి కుదరదంది. వారాలు దాటినకొద్దీ బిడ్డ వైపు తూకం మొగ్గుతుందన్నది అర్థం చేసుకోగల వాదనే. కానీ వారాలు ఎందుకు దాటాయన్నది ఆ తూకంలోకి రాదు. సంతకం కోసం, డబ్బు కోసం, పట్నం పోవడానికి తోడు కోసం ఆగితేనే వారాలు దాటుతాయి.

ఈ మధ్య ఆటలోకి ఇంకో లెక్క వచ్చింది. ముగ్గురు పిల్లలుంటే సర్పంచ్‌గా, వార్డు మెంబర్‌గా పోటీకి అనర్హులన్న నిబంధన 1990ల నుంచి ఉండేది. టికెట్ కోసం భార్య మూడో కడుపు తీయించినవాళ్లు, మూడోవాణ్ణి తమ్ముడి కొడుకుగా రాయించినవాళ్లు ఏ మండలంలో అడిగినా దొరుకుతారు. 2025లో రాష్ట్ర కేబినెట్ ఆ నిబంధన ఎత్తేయాలని నిర్ణయించింది. తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.8కి తగ్గారు. జనాభా తగ్గించుకున్నందుకు పార్లమెంటు సీట్లు తగ్గుతాయన్న భయంతో దక్షిణాది నాయకులు ఎక్కువమందిని కనండని చెప్పడం మొదలుపెట్టారు. ఇద్దరు చాలని గోడల మీద రాయించి, పీహెచ్‌సీలకు ఆపరేషన్ల టార్గెట్లు పెట్టి, పెళ్లయిన స్త్రీలలో అరవై శాతం మందికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించిన రాజ్యం ఇది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు.

ఆ గాలి ఎదురు తిరిగితే ముందు తగిలేది ఇన్నాళ్లూ అందరికన్నా తేలిగ్గా అబార్షన్ దొరికిన స్త్రీకే, అంటే పెళ్లయి ఇద్దరు పిల్లలున్న ఆమెకు. దానికి చట్టం మార్చక్కర్లేదు, పార్లమెంటులో చర్చా అక్కర్లేదు. నిర్ణయం డాక్టరు సదుద్దేశం మీద ఆధారపడి ఉన్నంతకాలం, పైనుంచి ఒక సర్క్యులర్ వస్తే చాలు. లేదా సర్క్యులర్ కూడా లేకుండా, ఇద్దరే కదమ్మా, ఇంకొకర్ని కనొచ్చుగా అని ఓపీలో ఒక మాట అంటే చాలు.